పెనుకొండ వాళ్ళు నన్ను చూడాలన్నారు

నేను ఇండియా నుంచి తిరిగొచ్చినప్పట్నుంచీ మన తోటలో అందరూ అడిగే మొదటి ప్రశ్న, తాజ్‌మహల్ చూశావా అని. చూడలేదు. ఢిల్లీ చూడలేదు, కాశీ చూడలేదు. ఏడాది పాటు బెంగుళూరులో చదివి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చూసి వచ్చానంటే కూలీల మేస్త్రీ పెద్ద కంగాణీ గారు కూడా "అవెక్కడివమ్మా?" అని మొహం చిట్లించారు. అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఒక్కసారే రాసి పడేస్తున్నాను. మలయాలో రబ్బరు చెట్ల మధ్య పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు నేల మీద కాలు పెట్టని వాళ్ళు చదవండి.

మా కాలేజీకీ బెంగుళూరులోని ఒక కాలేజీకీ మధ్య ఒప్పందం ఉంది. ఇక్కణ్ణించి ఒకరు వెళ్ళి అక్కడ ఏడాది చదవాలి, తర్వాత అక్కణ్ణించి ఒకరు వచ్చి ఇక్కడ చదవాలి. ఆ విధంగా నేను వెళ్ళాను. హాస్టల్లో నాకు సింగపూరు అని పేరు పెట్టారు. మాది సింగపూరు కాదని ఎన్నిసార్లు చెప్పినా "రెండూ సముద్రం అవతలే గదా" అనేవారు. బెంగుళూరు చలికి తెల్లవారే లేవలేక రోజూ మొదటి క్లాసుకు ఆలస్యంగా వెళ్ళేదాన్ని. మెస్సులో చారు తియ్యగా ఉండేది. ఎండుచేప వాసన కోసం ప్రాణం లాగేది. ఆదివారాలు పిల్లలందరం కలిసి నంది కొండలకో మైసూరుకో పోయేవాళ్ళం.

నా గదిలో ఉండే అమ్మాయి నాగరత్న. పెనుకొండ పిల్ల. మొదటి రోజే "యాడికి పోతాండావు?" అంటే నేను తెల్లమొహం వేశాను. ఎక్కడికి అని అడుగుతోందని అర్థమయ్యాక ఇక మా ఇద్దరికీ ఎడబాటు లేదు. చెట్ల చదువులో ఆమె మా క్లాసులో అందరికంటే ముందుండేది. అందుకే ఒప్పందంలో రెండో సగం, అంటే మలయాకు రావడం, ఆమెకే దక్కింది. దక్కిందన్న మాటే గానీ ఇంట్లో ఒప్పుకోలేదు. వాళ్ళ నాయనది సేద్యం. నాగరత్న చదువు నడిపించేది చిన్నాయన, అంటే నాయన తమ్ముడు. ఆయనకు హిందూపురంలో బెల్లం మండీ ఉంది. చివరికి ఆయన నుంచి కబురొచ్చింది. "ఆ దేశం పాపను ఒకసారి పిల్చుకొని రా. చూసినంక మాట్లాడదాం" అని.

శనివారం నుంచి సోమవారం దాకా సెలవులు. మంగళవారం ప్రిన్సిపాలుకు జవాబు చెప్పకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. జడ గట్టిగా వేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టించి, నాగరత్న నన్ను పెళ్ళిచూపులకు తీసుకెళ్తున్నట్టు రైలెక్కించింది.

రైల్లో

మీటరు గేజీ బండి. పక్కన నడిచే మనిషితో పలకరింపులు సాగేటంత నెమ్మదిగా పోతుంది. బెంగుళూరులో అందరూ కన్నడం మాట్లాడుతుంటే ఎక్కాం. గౌరీబిదనూరు దాటేసరికి అదే మనుషులు తెలుగులోకి దిగారు. ఎప్పుడు మారారో నాకు తెలియలేదు. ఎదురుగా తమలపాకుల గంప పెట్టుకున్న ఒకావిడ నన్ను తేరిపార చూసి, కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి అడిగింది. నేను తెలుగులో జవాబు చెబితే "ఓ, మనోళ్ళే" అని జరిగి కూర్చుని, ఉడకబెట్టిన చెనిక్కాయలు నా ఒళ్ళో పోసింది. చెనిక్కాయలంటే వేరుశెనగలే. మన దగ్గర రైల్లో పక్కవాడి పేపరు తొంగి చూసినా ఏదోలా చూస్తారు. ఆ బండిలో ఎవరు ఏ పొట్లం విప్పినా అందులో సగం మనదే.

హిందూపురం

ఊళ్ళో దిగగానే బెల్లం, చింతపండు కలిసిన వాసన. స్టేషను దగ్గరి హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఉగ్గాని అంటే తడిపిన బొరుగులను, అదే మరమరాలను, తాలింపులో కలిపింది. బజ్జీ కొరికాక కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే హోటలాయన అడక్కుండానే నీళ్ళ చెంబు తెచ్చి పెట్టాడు. ఇద్దరికీ కాఫీతో సహా అర్ధరూపాయి అయింది. మన డాలరుకు అక్కడ రూపాయిన్నర వస్తుంది కాబట్టి నాకు నేను జమీందారునే అనిపించింది. కొత్త పైసలు వచ్చినా అందరూ ఇంకా అణాల్లోనే చెబుతారు. డబ్బులను దుడ్లు అని కన్నడంలో అడిగి తెలుగులో చిల్లర ఇస్తారు.

చిన్నాయన మండీలో బెల్లం దిమ్మెల మధ్య చాప మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ బేరగాళ్ళు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"మీ నాయనేం జేస్తాడు?"

"తోటలో గుమాస్తా అండీ."

"ముందు మీది యా ఊరు?"

"మా తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కాడంటారు. ఊరి పేరు మా నాన్నకే తెలియదు."

"అమ్మ తట్టు?"

"మా అమ్మ చిన్నప్పుడే వాళ్ళమ్మా నాన్నా పోయారు. తోటలో వాళ్ళు తలా ఇంత పెట్టి పెంచారు."

"మీరేమోళ్ళు?"

ఏ కులమని అడుగుతున్నాడని తెలుసు. "తెలుగువాళ్ళం" అన్నాను. బేరగాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు, కసురుకోనూ లేదు. మాట మార్చడానికన్నట్టు "మీ దేశం యా పక్కుండాది?" అన్నాడు.

ఇక్కడే నా కొంప మునిగింది. మలయాలో మనం దేన్నైనా చూపించాలంటే వేలు చూపం. అది మర్యాద కాదు. నాలుగు వేళ్ళూ మడిచి, పైన బొటనవేలు పెట్టి చూపిస్తాం. మలాయి వాళ్ళను చూసి మన పిల్లలందరికీ చిన్నప్పట్నుంచీ అలవాటైంది. తూర్పు ఎటో చూసుకుని ఎంతో వినయంగా బొటనవేలు చాపాను. ఆ తూర్పున చిన్నాయనే కూర్చుని ఉన్నాడు.

బేరగాళ్ళంతా నా వేలి వైపే చూశారు. ఆ దేశంలో ఎదుటివాడికి బొటనవేలు చూపిస్తే "పో, నీకు దక్కేది ఇదే" అని వెక్కిరించడం. మూటలు మోసే ఒకాయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నాగరత్న మొహం పాలిపోయింది. "అది వాళ్ళ మర్యాద చిన్నాయనా" అని ఎంత చెప్పినా ఆయన తక్కెడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అయితే ఒక మాట చెప్పాలి. ఆయన కోపం మండీలోనే ఉండిపోయింది, విస్తరి దాకా రాలేదు. మధ్యాహ్నం ఇంట్లో రాగిసంగటి ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి పోయించాడు. పక్కన వేరుశెనగ ఊరుబిండి, అంటే రోట్లో నూరిన పచ్చడి. నేను ముద్దను నములుతుంటే "నమిలితే పండ్లకంటుకుంటాది పాపా, అట్లే మింగల్ల" అని దగ్గరుండి నేర్పాడు. నాకు బాగా నచ్చిన మనుషుల్లో ఆయనొకడు. అప్పుడు మాత్రం నచ్చలేదు.

చెయ్యి కడుక్కున్నాక నాగరత్నతో అన్నాడు. "పాప మంచిదే. నేను కాదనను. కానీ నిన్ను ఎవరింటికని పంపల్ల? నలుగురడిగితే ఏమని చెప్పల్ల?"

"హాస్టలుండాది చిన్నాయనా."

"హాస్టలు ఇల్లెట్లయితాది? సెలవులకు యాడుంటావు? ఈ పాపోళ్ళింట్లో. వాళ్ళకు ఊరూ తెలీదు, పేరూ తెలీదు. పెనుకొండలో మీ అవ్వతో చెప్పు, నేను వద్దన్న్యానని."

సోమందేపల్లిలో గొడుగు

పెనుకొండ బస్సులో నాగరత్న కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. నా బొటనవేలిని నరికేసుకోవాలనిపించింది.

సోమందేపల్లిలో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. మేమూ దిగాం. మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే నాకూ ఉంది, గొడుగు లేకుండా గడప దాటను. కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్న ఒక ముసలి రైతు నా గొడుగు చూసి, లేచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికాడు.

"ఏం పాపా, వానొస్తాదంటావా?"

ఆయన వేళాకోళం చెయ్యడం లేదు. చుట్టూ చెనిక్కాయలు పీకేసిన ఎర్రటి చేలు ఎండిపోయి ఉన్నాయి. అలవాటు కొద్దీ తెచ్చుకున్నానని చెప్పాను. "మా ఊళ్ళో రోజూ మధ్యాహ్నం వాన పడుతుంది తాతా" అన్నాను. ఆయన నా వైపు, తర్వాత నాగరత్న వైపు చూశాడు. "రోజూనా?" అన్నాడు. నాగరత్న ఏడుపు మధ్యలోనే నవ్వింది.

పెనుకొండ

పెనుకొండలో ఏ వీధిలోంచి తలెత్తినా పైన కొండే. కొండ చుట్టూ కోట గోడ. ఇంటి గడపలో నాగరత్న వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ చెంబు పట్టుకునే తీరు మనం నేర్చుకోవాలి. పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటారు, ఒక్క చుక్క కింద పడదు. నేను సగం రవికె మీద పోసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ పడిపోయిన నీళ్ళ వైపు అందరూ ఒకసారి చూశారు. మన తోటలో వరస ఇళ్ళ లైన్ల ముందు కొళాయి కట్టెయ్యకుండా కబుర్లు చెప్పుకునే సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆదివారం పొద్దున కోట చూశాం. రాజుల మహలు ఒకటుంది. గదిలోంచి గదిలోకి చల్లటి గాలి దానంతటదే తిరుగుతుంటుంది. మసీదుల మీదుండేలాంటి కమానులు, గుళ్ళకుండేలాంటి గోపురం ఒక్క ఇంటికే ఉన్నాయి. దారిలో దర్గా దగ్గర బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు చక్కెర చదివించి, దాన్నే అందరికీ పంచుతున్నారు. మా చేతుల్లోనూ పోశారు. పై దాకా ఎక్కితే ఊరంతా కనిపించింది, ఊరి అవతల రైలు పట్టాలు కనిపించాయి. "ఆ పట్టాల మింద పోతే మద్రాసు, ఆడ్నించి ఓడ" అంది నాగరత్న. రోజూ ఈ కొండ ఎక్కి చూసేదట, చిన్నప్పట్నుంచీ.

సాయంత్రం అవ్వ, అంటే నాగరత్న నాయనమ్మ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తెల్ల చీర, పెద్ద చెవులు, నోట్లో రెండే పళ్ళు. చిన్నాయన కబురు అప్పటికే చెప్పేశాం. నాగరత్న నాయన తల వంచుకుని "వాడన్న్యాక నేనేం చేసేది" అని చేలోకి వెళ్ళిపోయాడు. అవ్వ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మా అమ్మ గురించి అడిగింది.

"మీయమ్మ పుట్టింటికి ఎప్పుడన్నా పోతాదా?"

"మా అమ్మకు పుట్టిల్లు లేదు అవ్వా."

"కాన్పులు యాడ జరిగినాయి?"

"లైన్లోనే. పక్కింటివాళ్ళు చూశారు."

"మరి చీర ఎవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు. జీతాల రోజు తనే కొనుక్కుంటుంది."

అవ్వ కత్తిరిస్తున్న వక్కలు పక్కన పెట్టింది. తర్వాత కోడలిని పిలిచింది. "రేపు ధర్మవరం పోదాం. బియ్యం ఏరి పెట్టు. పసుపు కలుపు." బస్సు కండక్టరు ఎవరో వీధిలో పోతుంటే కేకేసి ఆపి, హిందూపురంలో తన కొడుక్కి చెప్పమని చెవిలో ఏదో చెప్పింది. ధర్మవరం పోయేది పట్టుచీరలకే, దానికి బియ్యం ఎందుకో నాకు అర్థం కాలేదు. నాగరత్నను అడిగితే తనకూ తెలియదంది.

ధర్మవరం

ధర్మవరంలో బజారు కంటే ముందు చెవులకు మగ్గాల చప్పుడు చేరుతుంది. ప్రతి ఇంట్లోంచీ ఒకే చప్పుడు, కానీ ఏ రెండూ కలిసి కొట్టవు. వీధి పొడుగునా పట్టు నూలు చాచి, భార్యాభర్తలిద్దరూ చెరో పక్కా నిలబడి తెగిన పోగులు ముడేస్తున్నారు. పోయే బండి వాళ్ళకు తగలకుండా ఒరిగి పోతుంది. ఆ మర్యాద చూసి నాకు ముచ్చటేసింది.

అవ్వకు తెలిసిన నేతగాళ్ళ ఇల్లు ఒకటుంది. మగ్గం ముందు గుంటలో కాళ్ళు దించి ఇంటాయన నేస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆపి, దిగి, చీరలు పరిచాడు. అవ్వ నన్ను అడిగింది.

"మీయమ్మ నలుపా, తెలుపా?"

"నాలాగే నలుపు."

వంకాయ రంగు చీర, పసుపుపచ్చ అంచుది తీసింది. ఇంటాయన "ఎవరికమ్మా, పెండ్లికా?" అన్నాడు.

"మా కూతురికప్పా. శానా దూరం ఇచ్చినాము."

అవ్వకు ఇద్దరూ కొడుకులేనని నాగరత్న ఎప్పుడో చెప్పింది. కూతురెవరా అని నేను ఆమె వైపు చూశాను. ఆమె నోరు తెరుచుకుని అవ్వ వైపు చూస్తోంది.

అవ్వ చాప వేయించి నన్ను కూర్చోమంది. ఆ చీర నా ఒళ్ళో పరిపించింది. కోడలిని పిలిచి "ఒడిబియ్యం పొయ్యి" అంది. మన తోటల్లో ఈ ఆచారం పోయింది గనక చెబుతున్నాను. పెళ్ళైన కూతురు పుట్టింటి నుంచి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు, వదిన ఆమె ఒళ్ళో పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి, వక్కాకు, బెల్లం పోసి సాగనంపుతుంది. నీకు వెనకాల ఒక ఇల్లుందని చెప్పడం అది.

నాగరత్న వాళ్ళమ్మ బియ్యం సంచి పట్టుకుని తటపటాయించింది. "పెండ్లి గాని పాప గదా అత్తా."

"పాపకు గాదు. వాళ్ళమ్మకు. ఆమె రాలేదు గనక బిడ్డ ఒడి పట్టింది."

"ఊరూ పేరూ తెలీదని మరిది..."

"ఇబ్బుడు తెలిసె గదా. ఆమె ఊరు పెనుకొండ." అవ్వ వక్క నములుతూ నాగరత్న వైపు తిరిగింది. "ఎవరింటికి పోతాండావని అడిగితే మేనత్త ఇంటికని చెప్పు. మేనత్త ఇంటికి పోయే పిల్లను యా ఊర్లోనైనా ఎవరన్నా ఆపినారా? అదీగాక రోజూ వాన పడే ఊరంట. అట్లాంటి ఊరికి పంపేదానికి భయమేంది?"

విధవరాలు గనక అవ్వ తన చేత్తో పొయ్యలేదు. దూరంగా కూర్చుని, దోసిలి నిండుగా పొయ్యమని కోడలికి చెబుతూ ఉంది. బియ్యం బరువు ఒళ్ళో దిగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మా అమ్మ ఏ పండక్కీ ఎక్కడికీ వెళ్ళేది కాదు. పక్కింటివాళ్ళు ట్రంకు పెట్టెలు సర్దుకుని అన్నదమ్ముల ఇళ్ళకు పోతుంటే గుమ్మంలో నిలబడి చూసేది. నేతగాడి భార్య వచ్చి నాకు బొట్టు పెట్టి, నా కళ్ళు తుడిచి, "ఊరుకో పాపా, చీరకు తడి తగులుతాది" అంది.

తిరుగు రైలు

సాయంత్రం బండికి నలుగురం ఎక్కాం. అవ్వా, నాగరత్న వాళ్ళమ్మా పెనుకొండలో దిగిపోయారు. దిగేటప్పుడు అవ్వ "మా వానికి కబురంపినా. హిందూపురం స్టేషనుకు వస్తే సరేనన్నట్టు. రాకుంటే నేనేం చెయ్యలేను, నీ చదువుకు దుడ్లు వాడిచ్చేవే" అంది నాగరత్నతో. అంతే. బండి కదిలింది.

హిందూపురం వచ్చేదాకా నాగరత్న నా చెయ్యి వదల్లేదు. ప్లాట్‌ఫారం అంతా చూశాం. మూటలున్నాయి, మూటల మీద కూర్చున్న మనుషులున్నారు, చిన్నాయన లేడు. గార్డు ఈల ఊదాడు. అప్పుడు వెనక పెట్టెల నుంచి ఒక్కో కిటికీలోకీ తొంగి చూస్తూ, చంకలో గోనెగుడ్డ మూటతో ఆయన వస్తున్నాడు.

కిటికీలోంచి మూట నా ఒళ్ళో పెట్టాడు. బెల్లం దిమ్మెలు. చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"మీయమ్మకు వయసెంత?"

"నలభై ఉంటాయండీ."

"అట్లయితే నాకు చెల్లెలే. బెల్లం తింటాదో లేదో నాకు తెలీదు. అన్న ఇచ్చినాడని చెప్పు."

బండి కదిలింది. ఆయన పక్కనే నాలుగడుగులు నడిచాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నాలుగు వేళ్ళూ మడిచి, పైన బొటనవేలు పెట్టి, ఎంతో జాగ్రత్తగా తూర్పుకు చూపించాడు.

"ఆ పక్కే గదా, మా చెల్లెలిల్లు?"

నాగరత్న నా భుజం మీద తల పెట్టి పెద్దగా ఏడ్చేసింది. పెట్టెలో వాళ్ళంతా ఎవరో పోయారేమోనని కంగారుపడి నీళ్ళిచ్చారు.

మన తోటలో

బెల్లం ఓడలో కరిగి నా పుస్తకాలకు అంటుకుంది. ఆ పేజీలు ఇప్పటికీ విడిపోవు. బియ్యానికి పురుగు పట్టింది. అమ్మ ఒక్క గింజ కూడా పారెయ్యనివ్వలేదు. చెరిగి, ఏరి, వండి, లైన్లో అందరికీ పెట్టింది. చీర మాత్రం కట్టలేదు, పెట్టెలో దాచింది. ఎప్పుడు కడతావని అడిగితే "ఉండవే" అనేది.

పోయిన వారం రేవులో నాగరత్న దిగింది. ఆ రోజు పొద్దున అమ్మ వంకాయ రంగు చీర కట్టుకుని వచ్చింది. ఓడ మెట్ల దగ్గర జనం తోసుకుంటున్నారు, వాన మొదలైంది, నేను గొడుగు విప్పుతున్నాను. ఎవరెవరో చెప్పకుండానే ఇద్దరూ ఒకరినొకరు పోల్చుకున్నారు. అమ్మ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, ప్రయాణం ఎలా జరిగిందని కూడా అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అడిగే అవకాశం రాని మాటే ముందు అడిగింది.

"మా అమ్మ ఎలాగున్నాది?"

"బాగుండాది అత్తా" అంది నాగరత్న. "నిన్ను అడిగినానని చెప్పమనింది."